ప్లస్ రెండు మీద ఆగే రింగు

కరోనా మాస్కులు జనం ముక్కుల మీదనుంచి గడ్డాల కిందికి జారి, చివరికి జేబుల్లోకి పోయిన ఏడాది అది. చలికాలం. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల బజారు వెనక సందులో నా అంగడి. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుని నగల పనివాళ్ల భూతద్దాలు, స్కూళ్ల మైక్రోస్కోపులు, సర్వేవాళ్ల లెవెల్ మిషన్లు, బైనాక్యులర్లు బాగుచేస్తున్నాను. అద్దమూ మరా ఉన్న వస్తువు ఏదైనా కాదనను. మా నాయన గండి క్షేత్రం దగ్గర ఒక పల్లెలో పౌరోహిత్యం చేసేవాడు. నాకు మంత్రం నోటికి రాలేదు, స్క్రూడ్రైవర్ మాత్రం చేతికి వచ్చింది. ఆ విషయంలో ఆయన చివరిదాకా నన్ను క్షమించలేదు.

బైనాక్యులర్లలో చాలావాటికి అసలు జబ్బే ఉండదు. మధ్యలో ఉండే ఫోకస్ చక్రం తిప్పితే రెండు గొట్టాల్లోనూ బొమ్మ ఒకేసారి తేటపడుతుంది. కానీ మనిషికి రెండు కళ్లూ ఒక్కలాగే ఉండవు కదా. ఆ తేడా సర్దుకోవడానికి కుడి కన్ను పెట్టేచోట ఒక రింగు ఉంటుంది. దాని పేరు డయాప్టర్ రింగు. మధ్యలో సున్నా, ఒక పక్క ప్లస్ గీతలు, ఇంకో పక్క మైనస్ గీతలు. కుడి కన్ను మూసుకుని చక్రంతో ఎడమ కంటికి సరిచూసుకోవాలి, తర్వాత ఎడమ కన్ను మూసుకుని రింగుతో కుడి కంటికి సరిచూసుకోవాలి. ఒకసారి కుదిరితే ఆ గీత ఆ మనిషిదే, చెప్పుల సైజులాగా. ఇది తెలియక, జేబురుమాలుతో తుడుస్తూ తుడుస్తూ రింగు తిప్పేసి, కుడిపక్క అద్దం పోయిందని వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఒక చీవాటు, ఒక టీ ఇచ్చి పంపిస్తాను.

దేవసహాయం సారు వచ్చినప్పుడు కూడా ఆ రెండూ సిద్ధం చేసుకున్నాను. ఆయన జమ్మలమడుగులో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. అక్కడి చర్చిలో సంఘపెద్ద. తాతల కాలంనుంచీ క్రైస్తవులు. ఇస్త్రీ తెల్లచొక్కా, చేతిలో గుడ్డసంచి. సంచిలోంచి తువ్వాలలో చుట్టిన బైనాక్యులర్ తీసి నా బల్ల మీద పెట్టాడు. పాతదే, కానీ అపురూపంగా చూసుకున్న వస్తువని చూడగానే తెలిసింది.

"కుడిపక్క మసకప్పా," అన్నాడు. "మొబ్బున్నే, తెల్లారకముందే మైలవరం డ్యాం కట్ట మీదికి పోతా, పిట్టల కోసం. తీసి చూస్తే మసక. రింగు సున్నా మీదికి తిప్పుకుంటే బాగయితాది. మర్నాడు మళ్లా మసక."

"రింగు వదులై ఉంటాది సార్. సంచిలో కదిలి తిరిగిపోతాంటాది."

"నేనూ అట్లే అనుకుంటి. అయితే దినామూ ఒకే గీత మీద ఆగుతాంది. ప్లస్ రెండు. అటు ఒక వెంట్రుక లేదు, ఇటు ఒక వెంట్రుక లేదు."

నేను నవ్వాను. సైన్సు టీచర్లు రిటైరైనా లెక్క మానరు అన్నాను. ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి చూపించాడు. తేదీల వారీగా రాసి ఉంది. ప్లస్ రెండు, ప్లస్ రెండు, ప్లస్ రెండు. ఒక పేజీ నిండా అదే.

మా జిల్లా ఎండలకు గ్రీజు కరిగి కారిపోవడం మామూలే. విప్పి చూస్తే రింగు నిజంగానే కొంచెం వదులుగా ఉంది. పాత గ్రీజు తుడిచి, చిక్కటి గ్రీజు పెట్టి, బొటనవేలు గట్టిగా ఆనిస్తే తప్ప కదలకుండా చేసి ఇచ్చాను. ఆయన వెళ్లిపోయాక టీ తాగుతుంటే ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. వదులైన రింగు ఎక్కడైనా ఆగవచ్చు. రోజూ ఒకే గీతను వెతుక్కుని ఆగదు.

పదిరోజులకు సారు మళ్లీ వచ్చాడు. నేను పెట్టిన గ్రీజు పెట్టినట్టే ఉంది. రింగు బిరుసుగానే ఉంది. అయినా ప్లస్ రెండు మీద ఉంది. నాకు ఒళ్లు మండింది. నా పనికి ఎదురుచెప్పే వస్తువంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

"ఇంట్లో ఎవరన్నా ముట్టుకుంటాండారేమో సార్."

"ఎవరుండారప్పా? కూతురు పులివెందుల్లో ఉండాది. ఇంట్లో నేనొక్కణ్ణే. బీరువాలో పెట్టి బీగం ఏస్తాండా. బీగం చెవి నా దిండు కింద ఉంటాది."

ఎదురుగా గాజుల అంగడికి పోయి ఎర్ర నెయిల్ పాలిష్ సీసా కొనుక్కొచ్చాను. రింగును సున్నా మీద పెట్టి, రింగూ గొట్టమూ కలిసే సందు మీద ఒక బొట్టు వేశాను. ఇది మా పనిలో పాత ఉపాయం. ఎండితే చిన్న సీలవుతుంది. రింగు కదిలితే అది పగలాలి, వేరే దారి లేదు. "దీన్ని దాటి తిరిగిందంటే నేను ఈ పని మానేసి మా నాయన పంచాంగం పట్టుకుంటా సార్," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ ఎర్ర బొట్టునే చూస్తూ కూర్చున్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు సంచి తెరవనే లేదు, బల్ల మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నేనే తీశాను. పాలిష్ బొట్టు రెండు ముక్కలైంది. ఒక ముక్క గొట్టం మీద ఉంది. రెండోది రింగుతో పాటు ప్లస్ రెండు దాకా పోయింది. నడుమ చిన్న పెచ్చు ఊడిపోయింది. కుదుపుకో ఎండకో అలా జరగదు. ఎవరిదో బొటనవేలు దాని మీద ఆనాలి, ఆని తిప్పాలి.

"సార్, ఈ గీత మీది కాదు. మీది సున్నా. ప్లస్ రెండు ఎవరిది?"

"మా ఇంట్లో ఆమెది," అన్నాడు సారు. "కరుణమ్మది."

మధ్యాహ్నం రెండు గంటలు. బయట ఆటోల హారన్లు, బేరాల అరుపులు. అయినా లేచి బల్ల మీది లైటు వేశాను.

కరుణమ్మ అంతకుముందటి ఏడాది వానాకాలంలో పోయింది. ఇద్దరూ ఇరవై ఏళ్లకు పైగా ఆ కట్ట మీదికి కలిసే పోయేవాళ్లట. పిట్టల పిచ్చి మొదట ఆమెదే. ఆమె పోయాక ఏడాది దాకా సారు బైనాక్యులర్ ముట్టుకోలేదు. మళ్లీ తీసిన మర్నాటినుంచే ఇది మొదలైంది.

"అప్పా, నేను సంఘంలో పెద్దను," అన్నాడు. "చనిపోయినోళ్లు ప్రభువులో నిద్రపోతాంటారు, లేచి ఇండ్ల చుట్టూ తిరగరు అని సండే స్కూల్లో పిల్లోల్లకు చెప్పినోణ్ణి నేనే. ఇప్పుడు పొద్దున్నే బీరువా తెరిచేటప్పుడు నా గుండె ఏమని కొట్టుకుంటాదో తెలుసునా? ప్లస్ రెండు మీద ఉండల్ల, ఉండల్ల అని కొట్టుకుంటాది. సున్నా మీద ఉంటే ఆ పొద్దు నేను తట్టుకోలేను. ఇట్లాంటి గుండె పెట్టుకోని బల్ల దగ్గరికి యా మొగంతో పోవల్ల? మూడు నెలలాయ నేను రొట్టె ముట్టక."

బల్ల అంటే ప్రభువు బల్ల. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం. మనసులో ఒకటి పెట్టుకుని అక్కడ చెయ్యి చాస్తే తప్పని వాళ్ల నమ్మకం. అలాంటిది సంఘపెద్దే మూడు నెలలుగా వెనక బెంచీలో కూర్చుని లేచిపోతుంటే ఎవరూ ఏమీ అనుకోకుండా ఉంటారా? మా ఇళ్లల్లో ఈ ఇబ్బంది లేదు. పోయినవాళ్లు ఏడాదికొకసారి పిలిస్తే వచ్చి తిని పోతారు, రానినాడు కాకిని బతిమాలుకుంటాం. పాపం ఆయనకు ఆ సౌకర్యం లేదు. ఆమె వస్తే ఆయన విశ్వాసం పోతుంది. రాకపోతే ఆమే పోతుంది.

"మిషన్లో తప్పుంటే తప్పని చెప్పు, లేకుంటే లేదని చెప్పు," అన్నాడు లేస్తూ. "నువ్వు ఎట్ల చెప్తే అట్ల నమ్ముతా."

అంత భారం నా మీద పెట్టి బస్సెక్కి వెళ్లిపోయాడు.

బైనాక్యులర్‌ను మూడు రోజులు అంగట్లోనే పెట్టుకున్నాను. రింగు సున్నా మీద పెట్టి, కొత్త బొట్టు వేసి, అద్దాల బీరువాలో కళ్లెదురుగా ఉంచాను. పొద్దున అంగడి తలుపు తీయగానే ముందు దాని దగ్గరికే పోయేవాణ్ణి. మూడు పొద్దులూ సున్నా మీదే ఉంది. బొట్టు చెక్కుచెదరలేదు. చూసిన ప్రతిసారీ హమ్మయ్య అనుకునేవాణ్ణి, అనుకున్నందుకు సిగ్గుపడేవాణ్ణి. వస్తువులో లోపం లేదు. ఆ మాట ఆయనకు చెప్పడమంటే, ఆమె వస్తోంది సార్ అని నా నోటితో చెప్పడమే. లోపల స్ప్రింగు చెడిందని అబద్ధం ఆడితే ఆదివారం పోయి బల్ల దగ్గర చెయ్యి చాస్తాడు. ఆ రింగులో అసలు స్ప్రింగే లేదు. ఆయన సైన్సు టీచరైనా నేను చెప్తే నమ్ముతాడు. నమ్ముతాననే కదా చెప్పి పోయాడు.

అబద్ధం దాదాపు ఖాయం చేసుకున్నాక ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఒక సర్వే లెవెల్ మిషన్ నా బల్ల మీద బంగారంలా పనిచేసేది, పొలంలో పెడితే తప్పు చూపించేది. చివరికి పొలానికి పోయి చూస్తే తప్పు మిషన్‌ది కాదు, దాన్ని నిలబెట్టే మూడుకాళ్ల స్టాండుది. వస్తువును అది పనిచేసేచోటే చూడాలి. సారుకు ఫోన్ చేసి, నేనే తెస్తున్నాను, మీతో పాటు కట్ట మీదికి వస్తాను అన్నాను.

మొదటి బస్సుకు జమ్మలమడుగులో దిగి, సారుతో కలిసి ఆటోలో మైలవరం పోయేసరికి తూర్పు తెల్లబడుతోంది. నీళ్ల మీద మంచు పరుచుకుని ఉంది. అవతలి గట్టు లేదు, కొండలు లేవు. మంచులోంచి పిట్టల అరుపులు వస్తున్నాయి గానీ ఒక్క పిట్టా కనపడదు. ఎక్కడో తీతువు కూసింది. అది కూస్తే ఎవరికో మూడిందని మా అమ్మ అనేది. నేను నమ్మను. అయినా ఆ కూత ఏ పక్కనుంచి వచ్చిందా అని తల తిప్పి చూశాను.

బైనాక్యులర్ సారు చేతికిచ్చాను. రింగు సున్నా మీద, బొట్టు గట్టిగా. ఆయనకు చూపించే ఇచ్చాను. ఆయన కుడి పక్క నిలబడ్డాడు, నేను ఎడమ పక్క. మంచు కొంచెం కొంచెంగా లేచింది. అప్పుడు సారు వేరే మనిషైపోయాడు. అదిగో నీటికాకి రెక్కలు ఆరేసుకుంటాంది, అదిగో గూడబాతులు, అదిగో మొద్దు మీద లకుముకిపిట్ట అంటూ చిన్నపిల్లవాడి ఉత్సాహంతో చెప్పాడు. చక్రం ఒక్కటే తిప్పుకుంటున్నాడు, రింగు జోలికి పోలేదు. ఒక గంట గడిచింది. నా కళ్లు ఆ రింగు మీదే ఉన్నాయి. ఏమీ జరగలేదు. వచ్చింది దండగ అనుకుంటున్నాను.

పొద్దు కొండ పైకి వచ్చింది. నీళ్ల నడుమ ఒక తెల్లకొంగ ఒంటరిగా నిలబడి ఉంది. సారు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత బైనాక్యులర్ కళ్లమీదనుంచి దించాడు. చూపు మాత్రం కొంగ మీదనుంచి తిప్పలేదు. ఆయన బొటనవేలు రింగు మీదికి పోయింది. టప్పుమని చిన్న చప్పుడు. పాలిష్ పగిలింది. వేలు రెండు గీతలు తిప్పి ఆగింది. అటు ఒక వెంట్రుక లేదు, ఇటు ఒక వెంట్రుక లేదు. తర్వాత ఆ చెయ్యి ఎడమ పక్కకు, నా పక్కకు చాచాడు.

చెయ్యి నా ఛాతీ ఎత్తులో ఆగింది. నాకిచ్చేవాడైతే ఇంకో జానెడు పైకి ఇవ్వాలి. అది పొట్టి మనిషికి ఇచ్చే ఎత్తు.

అందుకున్నాను. కొత్తవాళ్లకు అపురూపమైన వస్తువు ఇచ్చేటప్పుడు మనిషి ఒక్క క్షణం పట్టుకుని వదులుతాడు. ఆయన అలా పట్టుకోలేదు. తెలిసిన చేతుల్లో పెట్టినట్టు వదిలేశాడు. కళ్లకు పెట్టుకున్నాను. ఎడమ కంటికి కొంగ, కుడి కంటికి తెల్లటి మసక.

"కనపడిందా మే?" అన్నాడు సారు.

భార్యను పిలిచే పిలుపు అది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అంత నెమ్మది, అంత చనువు. ఆయన నా వైపు చూడలేదు. నా ఒళ్లంతా గగుర్పొడిచింది. నేను ఎవరి చోటులో నిలబడ్డానో, ఎవరి గీతలోంచి చూస్తున్నానో అర్థమైంది. జవాబు చెప్పకపోతే ఏమవుతుందో అన్న భయం పట్టుకుంది. నా నోట్లోంచి "ఊ" అని వచ్చింది.

ఆయన తల ఊపాడు. చెయ్యి చాచి బైనాక్యులర్ తీసుకుని తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టాడు. అప్పుడు నా వైపు తిరిగి, మామూలు గొంతుతో, "పోదాం పా అప్పా, ఉగ్గాని తిందువు. శానా దూరం వచ్చినావు," అన్నాడు.

జమ్మలమడుగు బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకుని చెప్పాను. తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

"సార్, రింగు తిప్పేది మీ చెయ్యే."

"నా చెయ్యా? నేనెందుకు తిప్పుతా?"

"మీ బొటనవేలు చూసుకోండి."

గోటి కింద ఎర్ర పెచ్చు ఇరుక్కుని ఉంది. ఆయన వేలిని వెలుతురు వైపు తిప్పి చూశాడు. నేను చూసింది చూసినట్టు చెప్పాను, చెయ్యి చాచిన ఎత్తు సహా. వింటూ వింటూ ఆయన కళ్లు మూసుకున్నాడు.

"కడాకు ఒక చూపు ఆయమ్మదప్పా," అన్నాడు కళ్లు తెరిచి. "ఇంటికి బయల్దేరే ముందర. ఆయమ్మ వేళ్లకు నొప్పులు, రింగు తిప్పలేదు. నేనే తిప్పి ఇస్తాంటి. ఆయమ్మ చూసి ఇస్తే అట్లే సంచిలో పెడ్తాంటి." ఆయనలోని సైన్సు టీచరు లేచినట్టున్నాడు. "అంటే ఆయమ్మ బతికుండంగా గూడా దినామూ పొద్దున అది ప్లస్ రెండు మీదనే ఉండింది. నేనే సున్నాకు తిప్పుకుంటాంటి. తిప్పుకుంటాండానని గూడా నాకు తెలీలా. ఇరవై ఏండ్లు."

ఇరవై ఏళ్లూ ఉన్నది ఆమె పోయాకే లోపంగా కనపడింది. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ ఆయన ముఖంలో ఒక వెలుగు కనపడింది.

"అయినా అప్పా, ఇయ్యాల కట్ట మీద నా పానం శానా నిమ్మళంగా ఉండింది. ఇన్నాళ్లలో ఎప్పుడూ అట్ల ల్యా. ఆయమ్మ పలికినట్లు... ఊ అన్నట్లు అనిపిచ్చింది."

అంగట్లో ఆడకుండా మింగిన అబద్ధం కట్ట మీద ఆడేశానని అప్పుడు తెలిసింది. "అది నేను సార్," అన్నాను. "ఊ అన్నింది నేను. భయమేసి అన్యా."

ఆయన ప్లేటు పక్కకు జరిపాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. హోటల్ జనం తిరిగి చూశారు. ఒక మనిషికి ఆయన పెళ్లాన్ని రెండోసారి పోగొట్టినవాణ్ణి నేను. తలెత్తలేకపోయాను. ఏడుపు ఆగాక ఆయన గ్లాసులో నీళ్లతో ముఖం కడుక్కుని, సంచి నా ముందు పెట్టాడు.

"సున్నా మీద బిగిచ్చెయ్యి. ఇంక తిరగకూడదు."

అంగడికి తెచ్చి రింగుకు ఆవగింజంత మర బిగించాను. ఆ ఆదివారం సారు చర్చిలో ముందు బెంచీలో కూర్చున్నాడని, పాస్టరుకు జరిగినదంతా చెప్పి బల్ల తీసుకున్నాడని ఫోన్ చేసి చెప్పాడు. కేసు ముగిసిందనుకున్నాను.

వేసవి మొదట్లో అద్దాలు తుడిపించుకోవడానికి వచ్చాడు. కొంచెం ఒళ్లు చేశాడు. మసక లేదన్నాడు.

"చెయ్యి చాచడం ఆగిందా సార్?"

"ఆగలా. ఇప్పుడు తెలిసే చాస్తాండా. పోయిన ఆమెకు ఒక మర్యాద అనుకో." కొంచెం సందేహించి, గొంతు తగ్గించాడు. "అయితే నీకొకటి చెప్పల్ల. ఒక్కొక్కనాడు చెయ్యి చాస్తే, బరువు తెలీదప్పా. చెయ్యి ఖాళీ అయినట్లుంటాది. ఒక చూపు చూసేంత సేపు. మళ్లా బరువు వస్తాది."

"పాస్టరుకు చెప్పినారా?"

"చెప్పినా. అంతా విన్యాడు. మళ్లా బల్లకు రమ్మన్యాడు."

అద్దాలు తుడవడం అయిపోయింది. నా బల్ల మీద నగలవాళ్ల త్రాసు ఒకటి రిపేరుకు వచ్చి ఉంది. బరువు చూద్దామని చెయ్యి అలవాటుగా బైనాక్యులర్‌ను దాని మీద పెట్టబోయింది. ఆపేశాను. ఆ కేసు తర్వాత నేను మసక అని వచ్చినవాళ్లను ముందు రింగు గురించి అడగడం మానేశాను, మీతో పాటు ఇందులోంచి ఇంకెవరు చూస్తారని అడుగుతున్నాను. సగం లోపాలు ఆ ఒక్క ప్రశ్నతోనే దొరుకుతున్నాయి. మిగతా సగంలో నా పని ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగడం ఆ రోజే నేర్చుకున్నాను.

సారు చెయ్యి చాచి నిలబడ్డాడు. బైనాక్యులర్‌ను తువ్వాలలో చుట్టి ఆయన చేతిలో పెట్టి, "ఇందులో నాకు తెలిసిన లోపమేదీ లేదు సార్," అన్నాను.